ఊరంతా వద్దన్నా క్వారీ పని ఎలా సాగుతోంది? గ్రామసభ తీర్మానానికి ఉన్న బలమెంత?

ప్రశ్న అడిగినవారు తమది ఉమ్మడి కరీంనగర్ జిల్లా అని రాశారు. ఊరి గుట్ట మీద గ్రానైట్ క్వారీ వద్దని గ్రామసభలో ఏకగ్రీవంగా తీర్మానం చేసి కలెక్టరేట్‌లో ఇచ్చారట. అయినా సర్వే ఆగలేదు, గుట్ట చుట్టూ హద్దురాళ్లు కూడా పాతారు. "ప్రజాస్వామ్యం అంటే మెజారిటీ మాట చెల్లడమే కదా, ఊరంతా వద్దన్నదాన్ని ఒక ఆఫీసర్ ఎలా కాదంటాడు?" అన్నది వారి ప్రశ్న.

నేను పంచాయతీ కార్యదర్శిగా చేరి, ఈఓపీఆర్డీగా (మండలంలో పంచాయతీల పని చూసే అధికారిగా) చేసి, డివిజనల్ పంచాయతీ అధికారిగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం నిజామాబాద్, కరీంనగర్ వైపే గడిచింది. గ్రామసభల్లో తీర్మానాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే మాత్రం వకీలును కలవండి.

సూటిగా జవాబు: మీ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో (గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలో) లేకపోతే, గ్రామసభ వద్దన్నంత మాత్రాన లీజు ఆగదు. మీ తీర్మానానికి కలెక్టర్ గానీ, మైనింగ్ శాఖ గానీ కట్టుబడి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. అలాగని అది చిత్తుకాగితమూ కాదు. ఊరి ఇష్టం ఎక్కడ ఎంతవరకు చెల్లాలో ఒక్కో చట్టం ఒక్కోరకంగా రాసిపెట్టింది. కొన్నిచోట్ల ఊరు కాదంటే ఎంత పెద్ద కంపెనీ అయినా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. కొన్నిచోట్ల ఊరి మాట విని ఊరుకోవచ్చు. మీరు ఇప్పటిదాకా ఎంతమంది వద్దన్నారో చూపించారు. మీ కేసులో అక్కరకొచ్చేది ఎందుకు వద్దన్నారన్నది. దాన్ని ఎవరి ముందు, ఎప్పుడు పెట్టాలో కింద రాశాను.

ముందు అసలు ఇలా ఎందుకుందో చెప్పాలి. అది తెలియకపోతే ప్రతి ఆఫీసరూ కంపెనీకి అమ్ముడుపోయినట్టే కనిపిస్తాడు. కొందరు అమ్ముడుపోతారు, కాదనను. కానీ నిజాయితీపరుడైన కలెక్టర్ కూడా మీ తీర్మానం చూసి ఫైలు మూసేయలేడు.

గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది 73వ సవరణతో. అది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఇంతవరకు అందరికీ తెలుసు. 243ఏ అధికరణ చదివినవాళ్లు మాత్రం తక్కువ. గ్రామసభ ఏ అధికారాలు వాడుకోవాలో, ఏ పనులు చేయాలో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇవ్వొచ్చు అంటుంది అది. ఇచ్చి తీరాలని అనదు. పంచాయతీలకు బదలాయించదగ్గవంటూ పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. తాగునీరు, రోడ్లు, బడులు, సంతలు, పశుగ్రాసం లాంటివన్నీ ఉంటాయి. గనులు ఆ 29లో లేవు. అంటే మీ గుట్ట కింద రాయి విషయంలో మీ పంచాయతీకి చట్టం ఇచ్చిన అధికారం మొదటినుంచీ లేదు. సీనరేజీలో (తవ్విన రాయి మీద ప్రభుత్వం వసూలు చేసే రుసుములో) వాటా వస్తుందేమో గానీ, లీజు మీద సంతకం మీది కాదు.

మన పంచాయతీరాజ్ చట్టంలో గ్రామసభ ముందు పెట్టాల్సినవి ఉన్నాయి. లెక్కలు, ఆడిట్ రిపోర్టు, చేయబోయే పనులు, లబ్ధిదారుల ఎంపిక. తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. సర్పంచులు లేనప్పుడు కూడా గ్రామసభ ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిశాక తెలంగాణ పంచాయతీలు స్పెషల్ ఆఫీసర్ల చేతుల్లోకి వెళ్లాయి కదా, అప్పుడూ ఊరి ఓటర్లంతా గ్రామసభ సభ్యులుగానే ఉన్నారు. (ఐదేళ్ల గడువు ముగిసేలోపు ఎన్నికలు పూర్తి కావాలని 243ఈ అధికరణ చెబుతుంది. మెజారిటీ మాట చెల్లాలని అడిగేవాళ్లు ముందు దీని గురించి గట్టిగా అడగాల్సింది. అడిగినవాళ్లు తక్కువ.)

రాజ్యాంగం రాసినవాళ్లు ఊరికి ఇంత తక్కువ ఎందుకిచ్చారు? ముసాయిదాలో మొదట పంచాయతీల ఊసే లేదు. 1948 నవంబరు 4న ఆ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ మన గ్రామాన్ని సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ నెలవుగా వర్ణించారు. ఊరిని పక్కనపెట్టి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. చాలామంది సభ్యులు నొచ్చుకున్నారు. ఆ చర్చ తర్వాతే పంచాయతీల గురించిన 40వ అధికరణ ఆదేశిక సూత్రాల్లో చేరింది. కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేని భాగం అది. ఆ తర్వాత 73వ సవరణ రావడానికి నాలుగు దశాబ్దాలు దాటింది.

అంబేద్కర్ మాట మొదట విన్నప్పుడు నాకూ కటువుగానే అనిపించింది. నిజామాబాద్ వైపు పనిచేశాక అనిపించలేదు.

అక్కడి ఊళ్లలో వీడీసీలు ఉంటాయి, గ్రామాభివృద్ధి కమిటీలు. చట్టంలో వాటికి చోటు లేదు. అయినా చాలా ఊళ్లలో సర్పంచ్ కన్నా వీడీసీ మాటే వేదం. గుళ్లు కట్టిస్తాయి, బోర్లు వేయిస్తాయి, బడికి గోడ లేకపోతే చందాలేసి కట్టిస్తాయి. ఆ మంచి నేను కళ్లారా చూశాను. బెల్టు షాపుకూ, కోడిమాంసం అమ్ముకునే హక్కుకూ వేలం పాట పెట్టేదీ అవే. మాట వినని కుటుంబాన్ని ఊరి నుంచి వెలేసేదీ అవే.

నేను ఈఓపీఆర్డీగా ఉన్నప్పుడు ఒక ఊళ్లో గీత కార్మికుల కుటుంబాలు వీడీసీ అడిగినంత కట్టలేమన్నాయి. వాళ్ల కల్లు ఎవరూ తాగొద్దు, కిరాణంలో వాళ్లకు సరుకు ఇవ్వొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, మాట్లాడితే జరిమానా అని చాటింపు వేశారు. తర్వాత వీడీసీ పెద్దమనుషులకు ఒక ఆలోచన వచ్చింది. దీన్నే గ్రామసభలో పెట్టి తీర్మానం చేయిస్తే గవర్నమెంటు ముద్ర పడుతుంది కదా అని. నేను హాజరైన సభలోనే వేరే ఎజెండా అయిపోయాక ఈ అంశం లేవనెత్తారు. చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు. ఎత్తనివాళ్లు ఆ కుటుంబాల వాళ్లే, గోడవారగా నిలబడి ఉన్నారు. చేతులెత్తిన కొందరు పక్కవాడు ఎత్తాడా లేదా అని చూసి మరీ ఎత్తడం నాకు బల్ల దగ్గర్నుంచి కనిపిస్తూనే ఉంది. "రాయండి సార్, మెజారిటీ ఉంది కదా" అన్నారు. కార్యదర్శి పెన్ను పట్టుకుని నావైపు చూశాడు. "ఈ అంశం గ్రామసభ పరిధిలోకి రాదు, చట్టవిరుద్ధం కనుక చర్చకు స్వీకరించలేదు" అని రాయించి కింద సంతకం పెట్టాను. ఆ సాయంత్రం బస్సు దొరికేదాకా నాకు ఊళ్లో టీ కూడా పుట్టలేదు. అది వేరే సంగతి.

ఇప్పుడు మీ ప్రశ్నే మీకు తిప్పి అడుగుతాను. మెజారిటీ ఏది చెబితే అది ఆఫీసర్ చేసి తీరాలంటే, ఆ రోజు నేను ఆ తీర్మానం రాయాల్సిందేనా? మీ గుట్టను కాపాడుకోవడానికి మీరు కోరుకునే అధికారం, ఆ ఊళ్లో ఆ కుటుంబాల గొంతు నొక్కడానికి పనికొచ్చేదే. అందుకే ఒక మనిషి బతుకు మీద ఊరి ఓటుకు అధికారం లేదు. వెలివేతకు గురైనవాళ్లు ఎస్సీ, ఎస్టీలైతే 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టం కింద అది శిక్షపడే నేరం. మహారాష్ట్ర ఇంకా ముందుకెళ్లి ఏ కులంవారినైనా వెలివేయకుండా 2016 చట్టం ప్రత్యేకంగా చేసుకుంది.

సరే, ఇది ఒకవైపు. ఇప్పుడు ఊరి ఇష్టానికి నిజంగా బలమున్న చోట్లకు వద్దాం.

చట్టాల్లో ఊరి మాటకు మూడు మెట్లున్నాయి. కింది మెట్టు సంప్రదింపు, మధ్యది సిఫారసు, పైది సమ్మతి. ఏ ఫైలులోనైనా మీ ఊరి స్థానం ఏ మెట్టు మీద ఉందో ముందు చూసుకోండి. జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సంప్రదింపు కోసం పెట్టిన సభకు వెళ్లి, సమ్మతి ఇవ్వడానికి నిరాకరించి వచ్చామనుకుంటారు.

షెడ్యూల్డ్ ఏరియాల్లో 1996 పెసా చట్టం ఉంది, పంచాయతీ ఏర్పాటును ఆ ప్రాంతాలకు విస్తరించిన చట్టం. అక్కడ గ్రానైట్, ఇసుక, కంకర లాంటి చిన్నతరహా ఖనిజాల లీజు ఇవ్వాలంటే గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. భూసేకరణకు మాత్రం పెసా అడిగింది సంప్రదింపే. 2013 భూసేకరణ చట్టం దాన్ని పై మెట్టుకు ఎక్కించింది. 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో భూమి తీసుకోవాలంటే ముందస్తు సమ్మతి కావాలి. అడవి భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. హక్కులు తేల్చే పని మొదలవ్వాల్సిందే గ్రామసభలో.

దీనికి పెద్ద ఉదాహరణ ఒడిశాలోని నియమగిరి. లాంజీగఢ్‌లోని వేదాంత రిఫైనరీకి ఆ కొండ మీది బాక్సైట్ కావాలి. రాష్ట్ర ప్రభుత్వానిదీ అదే మాట. అక్కడి డోంగ్రియా కోందు గిరిజనులకు ఆ కొండ దేవుడు, నియమరాజు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఆ మతపరమైన, సాముదాయిక హక్కుల సంగతి గ్రామసభలే పరిశీలించాలంది. రాష్ట్ర ప్రభుత్వం 12 పల్లెలను ఎంచుకుంది. ఇంకా చాలా ఊళ్లుంటే ఈ పన్నెండేనా అని ఉద్యమకారులు గొడవ పెట్టారు. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో జిల్లా జడ్జి సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అటవీ అనుమతి నిరాకరించింది. ఒడిశా జనాభాతో పోలిస్తే ఆ పన్నెండు పల్లెల ఓటర్లు లెక్కలోకే రారు. అయినా వాళ్ల మాటే నిలిచింది. ఎందుకంటే చట్టం అడగమన్నది ఆ కొండ మీద బతికేవాళ్లనే.

మన దగ్గర అంతకుముందే సమత కేసు ఉంది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజుల మీద ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు. 1997 జూలైలో సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో (జడ్జీల్లోనూ మెజారిటీయే చూడండి) షెడ్యూల్డ్ ఏరియాలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదంది. ఇందులో ఓటు ప్రసక్తే లేదు. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన గిరిజనుల భూమికి కట్టిన కంచె అది. ప్రభుత్వం కూడా ఆ కంచె దాటకూడదని కోర్టు తేల్చింది. గ్రామసభలో కంపెనీవాళ్లు నలుగురిని కొని మెజారిటీ తెచ్చుకున్నా ఆ కంచె పోదు. నా దృష్టిలో గిరిజనులకు తీర్మానం కన్నా ఇదే గట్టి రక్షణ.

మీ ఊరు ఈ కోవలోకి రాదని మీ ప్రశ్నను బట్టి అనుకుంటున్నా. అయితే మీరున్నది కింది మెట్టు మీద. దాని పేరు ప్రజాభిప్రాయ సేకరణ. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద జరిగేది. లీజు 5 హెక్టార్లు, అంటే 12 ఎకరాల పైచిలుకు దాటితే ఇది జరగాలి. అందుకే కొందరు 4 హెక్టార్లు, 4.9 హెక్టార్లుగా ముక్కలు చేసి, బావమరిది పేరున ఒకటి, డ్రైవర్ పేరున ఒకటి లీజులు తీసుకుంటారు. 2016 సవరణ తర్వాత 500 మీటర్లలోపున్న లీజులను కలిపి క్లస్టర్‌గా చూడాలి. ఆ మొత్తం 5 హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ తప్పదు. మీ గుట్ట చుట్టుపక్కల ఇంకెన్ని లీజులున్నాయో ముందు లెక్క తీయండి. సమాచార హక్కు కింద మైన్స్ ఆఫీసులో అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి.

ఆ సభ ఎలా జరుగుతుందో తెలియకపోతే అక్కడ దెబ్బతింటారు. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేస్తారు. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, పొల్యూషన్ బోర్డు వాళ్లు నడుపుతారు. మొత్తం వీడియో తీస్తారు. ఇక్కడ ఓటింగ్ ఉండదు. కోరం కూడా అక్కర్లేదు. పదిమంది వచ్చినా, వెయ్యిమంది వచ్చినా సభ సభే.

నేను చూసిన సభల్లో తంతు ఒకేలా ఉంటుంది. బడి గ్రౌండులో షామియానా, బారికేడ్లు, బారికేడ్ల వెంబడి పోలీసులు. ముందు వరసల కుర్చీలు పొద్దున్నే నిండిపోతాయి, కంపెనీవాళ్లు తెచ్చినవాళ్లు, లారీ ఓనర్లు, పక్క మండలం నుంచి డీసీఎం వ్యానులో దిగినవాళ్లు. ఊరివాళ్లు వచ్చేసరికి వెనక నిలబడాల్సి వస్తుంది. కోపం వస్తుంది. నినాదాలు, తోపులాట, మైకు లాక్కోవడం. చివరికి "ఈ సభను బహిష్కరిస్తున్నాం" అని అందరూ లేచి వెళ్లిపోతారు. టీవీలో బాగుంటుంది. కానీ వాళ్లు వెళ్లాక కుర్చీల్లో మిగిలేది ఎవరు? మిగిలినవాళ్లు మైకు ముందు "ఉపాధి వస్తుంది సార్" అంటారు. అది రికార్డవుతుంది. పర్యావరణ అనుమతి ఇచ్చే అథారిటీ ముందుకు వెళ్లేది ఆ రికార్డే.

ఒక ఊళ్లో మాత్రం వేరేలా జరిగింది. ఒక రైతు పాత నక్షా (ఊరి భూముల పటం), తన పహాణీ (భూమి రికార్డు) నకలు పట్టుకొచ్చాడు. కంపెనీ ఇచ్చిన పర్యావరణ రిపోర్టులో దగ్గర్లో నీటి వనరులేమీ లేవని ఉంది. "ఈ గుట్ట మీద పడ్డ వానంతా ఈ ఒర్రెలోనే చెరువుకు పోతది సార్, నక్షాలో ఉంది చూడండి. మీరు రాళ్లు పారబోసేది దీంట్లనే" అని నక్షా విప్పి బల్ల మీద పరిచాడు. మాట్లాడింది రెండు నిమిషాలు కూడా ఉండదు. కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాడు. రాసిన మినిట్స్ చివర్లో తెలుగులో చదివి వినిపిస్తున్నప్పుడు ఒర్రె మాట రాలేదని లేచి నిలబడి చేర్పించాడు. చదివి వినిపించాలన్నది నిబంధన, దాన్ని అడిగేవాళ్లే ఉండరు. ఆ తర్వాత వచ్చిన అనుమతిలో ఒర్రె వైపు భాగాన్ని లీజులోంచి తగ్గించారు. క్వారీ పూర్తిగా ఆగలేదు, నిజమే. కానీ అప్పటికే ఊరు కలెక్టరేట్‌లో ఇచ్చి ఉన్న సంతకాల కట్ట సాధించనిది ఆ నక్షా సాధించింది.

కాబట్టి మీరు చేయాల్సింది: ఊళ్లో ఎన్ని బావులు, బోర్లు గుట్టకు ఎంత దూరంలో ఉన్నాయి, బడి ఎంత దూరం, ఏ ఇళ్లకు పగుళ్లు వచ్చే ప్రమాదముంది, లారీలు ఏ రోడ్డున వెళ్తాయి, ఆ రోడ్డు ఎన్ని టన్నులకు వేసింది. ఒక్కొక్కటీ వేర్వేరు మనిషి సొంత కాగితంలో ఇవ్వాలి. ఒకే జిరాక్సు మీద వందమంది సంతకాలు పెడితే దాన్ని ఒక్క అభ్యంతరంగానే చూస్తారు. గుట్ట రెవెన్యూ రికార్డుల్లో గైరానా, బంచరాయా (రెండూ పశువుల మేత భూములే), ప్రభుత్వ భూమా చూడండి. ఊరి ఉమ్మడి భూములను కాపాడాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. అది మీకు గట్టి ఆధారం అవుతుంది. పర్యావరణ అనుమతి వచ్చేసినా, గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచిలో 30 రోజుల్లోపు అప్పీలు వేసుకోవచ్చు. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు ఒప్పుకుంటారు. అది దాటితే తలుపు మూసుకున్నట్టే.

తీర్మానం సంగతి. మీరు చేసింది గ్రామసభ తీర్మానమా, పాలకవర్గం తీర్మానమా? వార్డు సభ్యులు కూర్చుని చేసిందాన్ని కూడా జనం గ్రామసభ అనేస్తారు. గ్రామసభ అయితే ముందుగా చాటింపు వేశారా, ఓటర్ల సంఖ్యను బట్టి ఉండాల్సిన కోరం ఉందా, సంతకాలు సభలోనే పెట్టించారా? తర్వాత ఇంటింటికీ పుస్తకం తిప్పి పెట్టించిన సంతకాలు చూస్తే తెలిసిపోతుంది. ఒకే ఇంటివాళ్లవి వరసగా, ఒకే ఇంకుతో ఉంటాయి. ఎదుటి వకీలు ముందు పట్టుకునేది దాన్నే. తీర్మానం పరిధి దాటిందనో, పద్ధతి ప్రకారం జరగలేదనో దాన్ని రద్దు చేసే అధికారం పైవాళ్లకు ఉంది. "క్వారీని నిషేధిస్తున్నాం" అని రాస్తే పరిధి దాటినట్టే. "ఫలానా కారణాల వల్ల అనుమతి ఇవ్వొద్దని కోరుతున్నాం, ఈ కారణాలపై నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపాలి" అని రాస్తే దాన్ని ఎవరూ రద్దు చేయరు, చేయాల్సిన అవసరమూ రాదు. రేపు హైకోర్టుకు వెళ్తే అక్కడ జడ్జి ఎంతమంది వద్దన్నారని అడగడు. ఈ కారణాలను అధికారి పరిశీలించాడా, ఆర్డరులో జవాబు రాశాడా అని అడుగుతాడు. జవాబు లేని ఆర్డరు అక్కడ నిలబడటం కష్టం.

మీరు ఊరంతా అంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఎవరిని ఊరంటున్నారు? క్వారీలో పని దొరుకుతుందనుకునేవాళ్లు సభకు వచ్చారా, లేక ఇంట్లోనే ఉండిపోయారా? గీత ఎక్కడ గీస్తే మెజారిటీ అక్కడికి మారిపోతుంది. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. రాష్ట్రం మొత్తాన్ని తీసుకుంటే అది మెజారిటీ. తెలంగాణ జిల్లాలను విడిగా తీసుకుంటే మెజారిటీ విభజన వైపు. మూడో అధికరణ ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం తెలుసుకోవాలి, కట్టుబడక్కర్లేదు. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. ఇప్పటికీ ఒక పక్కవాళ్లు ప్రజాస్వామ్యం గెలిచిందంటారు, ఇంకో పక్కవాళ్లు ఖూనీ అయిందంటారు. ఇద్దరూ చెప్పేది మెజారిటీ గురించే.

ఈ చిక్కు తెలిసే కాబోలు, 2013 భూసేకరణ చట్టం ఊరందరినీ లెక్కపెట్టలేదు. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం సమ్మతి కావాలంది. ఆ శాతం లెక్కపెట్టేది భూమి పోయే కుటుంబాల్లోనే. భూమి పోనివాడు ఎంతమందిని కూడగట్టినా ఆ లెక్కలోకి రాడు. షెడ్యూల్డ్ ఏరియా బయట ప్రభుత్వం తన సొంత ప్రాజెక్టుకు తీసుకుంటే మాత్రం సమ్మతే అక్కర్లేదు. అక్కడ చట్టం మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది, అది నాకు నచ్చదు.

చట్టంలో చోటు లేని మెజారిటీ కూడా ఒక్కోసారి ప్రభుత్వాన్ని వంచుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఏ సెక్షన్ చూసుకుని సారా దుకాణం మూయించారు? అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాటలు సారా వేలం పాటలు జరగనివ్వని దాకా వెళ్లాయి. వేలం ఆగితే ఖజానా ఆగుతుంది, ప్రభుత్వానికి అర్థమైంది అక్కడే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1994 చివర్లో ఎన్టీ రామారావు గెలిచాక సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు, అదే ఖజానా పేరు చెప్పి. ఆ ఆడవాళ్ల అభిప్రాయం ఐదేళ్లలో మారిందా? మారలేదు. వీధిలో ఉన్న బలం తగ్గింది, అంతే. మీ ఊరు కూడా గుట్ట దగ్గర టెంటు వేసుకుని కూర్చోవచ్చు, అది మీ హక్కు. అయితే టెంటు నడుస్తుండగానే కాగితాల పని కూడా నడవాలి. టెంటు ఎత్తేసిన నాటికి అప్పీలు గడువు దాటిపోయిన ఊళ్లు నాకు తెలుసు.

ఇలాంటి పోరాటాల్లో సర్పంచ్‌ను ముందు పెట్టమని కొందరంటారు. జాగ్రత్త. 2018 చట్టంలో సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతమైనా బతికి ఉండకపోతే పదవి మీదికి వచ్చే చట్టం అది. మీ సర్పంచ్ మీ పక్షాన ఉన్నా అన్నిటికీ ఆయన సంతకమే పెట్టించకండి. అభ్యంతరాలు రైతుల పేరు మీద, బడి కమిటీ పేరు మీద, మహిళా సంఘాల పేరు మీద వెళ్తే ఆయన మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇంకా వివరంగా చెప్పాలంటే నాకు మీ నుంచి ఇవి కావాలి: లీజు విస్తీర్ణం ఎంత, 500 మీటర్లలోపు వేరే లీజులు ఉన్నాయా, గుట్ట సర్వే నంబరు పహాణీలో ఏమని ఉంది, పేపర్లో ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన వచ్చిందా, వస్తే ఏ తేదీన. ప్రకటన ఇప్పటికే వచ్చి ఉంటే నా జవాబు కోసం ఆగకుండా రేపే కలెక్టరేట్‌కు గానీ, పొల్యూషన్ బోర్డు రీజనల్ ఆఫీసుకు గానీ వెళ్లి పర్యావరణ రిపోర్టు తెలుగు సారాంశం అడిగి తీసుకోండి.